సాళ్ల జడలు

జడలు వేసే బఖీతా తోక దువ్వెన మొనతో పెద్దపిల్ల అస్మా తలలో మొదటి పాపిడి తీసింది. నుదుటి దగ్గర మొదలైన గీత మెడ దాకా పోయింది, ఎక్కడా వంకర లేదు. గోడవార ప్లాస్టిక్ కుర్చీలో, ఒళ్లో చిన్నకూతురు ఫైజాను కూర్చోబెట్టుకుని, హుస్సేనమ్మ ఆ గీతనే చూస్తూ ఉండిపోయింది. చెనిక్కాయ విత్తే ముందు నాయన చేలో తీసే సాలు ఇట్లాగే ఉండేది, ఆ సాలు పక్కన ఇంకోటి, దాని పక్కన ఇంకోటి, పొద్దు వాలేసరికి చేనంతా దువ్వినట్టు. నాయన పోయి పదిహేనేళ్లయింది, షార్జాలో ఈ మేడ మీది ఆడోళ్ల సెలూన్లో ఆయన ఎందుకు గుర్తొస్తున్నాడో ఆమెకే తెలియదు. మధ్యాహ్నం జొహర్ నమాజు అయిపోయింది. సాయంత్రం అసర్ బాంగు వినపడేలోగా రెండు తలలూ అయిపోవాలని వచ్చీరాగానే బఖీతాతో చెప్పింది. అసర్ కాగానే కింద హలీమా కారు వస్తుంది. హలీమా, చనిపోయిన తన మొగుడు ఇద్రీస్‌కు అక్క, అజ్మాన్‌లో కాపురం. పిల్లలిద్దర్నీ ఇక్కడి నుంచే తన ఇంటికి తీసుకుపోతుంది, ఎల్లుండి విమానమెక్కించి సూడాన్‌లో వాళ్ల నాయనమ్మ దగ్గరికి చేరుస్తుంది. హుస్సేనమ్మ విమానం వేరు. రేపు తెల్లవారుజామున బయల్దేరి రాయచోటి పోతుంది, ఒక్కతే. పిల్లలకు ఇందులో సగమే తెలుసు. అమ్మ నెల రోజులకు వెనకాలే వస్తుందని వాళ్లకు చెప్పారు. అట్లా చెప్పమన్నది హలీమా, చెప్పింది హుస్సేనమ్మ. ఆ మాట అన్న రోజు నుంచి ఆమెకు అన్నం సయించడం లేదు. ఈ రెండు గంటల్లో నిజం చెప్పాలి, లేదా ఎన్నటికీ చెప్పకూడదు. పొద్దున నుంచి పదిసార్లు నోరు తెరిచింది, పదిసార్లూ నీళ్లు తాగిద్దామనో చెప్పులు సరిచేద్దామనో వేరే పని దొరికింది.

ఈ జడలు వేయించాలన్న ఆలోచన మాత్రం ఎవరూ చెప్పింది కాదు, తనదే. అక్కడ ఆ నాయనమ్మ ముందు నిలబడినప్పుడు, ఆ ఇంటి ఆడోళ్లంతా చుట్టూ చేరి చూసినప్పుడు, తల్లి లేని పిల్లలని ఎవరూ అనకూడదు. ఆ మాట అనుకోగానే గుర్తొచ్చింది, ఎల్లుండి నుంచి వాళ్లు తల్లి లేని పిల్లలే కదా మరి. అయినా తలలు మాత్రం నున్నగా, తీరుగా ఉండాలి. తన పిచ్చి తనది. బఖీతా వేళ్లు చూస్తే వంటింట్లో పనిచేసే ఏ ఆడమనిషి వేళ్లకూ తేడా లేదు, గోళ్లు కురచ, చూపుడు వేలి మీద కాయ కాసింది. మూడు పాయలే, జడ అంటే రాయచోటిలోనైనా మూడు పాయలే, కాకపోతే ఈవిడ ప్రతి మెలికకూ తల మీది నుంచి ఇంకొంచెం జుట్టు అందుకుని కలుపుతోంది, జడ నెత్తిని వదలకుండా అంటిపెట్టుకుని సాగుతోంది. అన్నిటికంటే వింత, అస్మా ఏడవడం లేదు. తన జన్మలో తల దువ్వేటప్పుడు అస్మా ఏడవకుండా ఉండటం హుస్సేనమ్మ ఇదే చూడటం. ఆ పిల్ల కళ్లు మూసుకుని, కునికిపాట్లు పడుతోంది.

ఇంట్లో అట్లా కాదు. ఇంట్లో రోజూ పొద్దున్నే యుద్ధం. స్కూలు బస్సు ఆరుంబావుకొస్తే అయిదింటికే పిల్లను మోకాళ్ల మధ్య బిగించి కూర్చోబెట్టేది, అరసీసా కొబ్బరినూనె నెత్తిన గుమ్మరించేది, ఊరి నుంచి తెచ్చుకున్న సన్నపళ్ల ఈరుబానతో పైనుంచి కిందికి లాగేది. ఈరుబాన ఆ జుట్టులో అడుగు కూడా దిగేది కాదు, లాగితే పళ్లు విరిగేవి, పళ్లతో పాటు జుట్టు తెగేది, ఆ వెనకే అస్మా అరుపు. పక్క ఫ్లాట్ మలయాళీ ఆమె ఒకసారి తలుపు కొట్టి, పిల్లను కొడుతున్నారా అని అడిగిపోయింది. ఇద్రీస్ ఉదయం డ్యూటీకి పోతూ గడపలో నిలబడి చూసేవాడు. ఆయన తక్కువ మాటల మనిషి. ఒకరోజు మాత్రం చెప్పాడు, మా ఇంట్లో అమ్మ శుక్రవారం ఒక్క పూట కూర్చుంటే ముగ్గురు అక్కచెల్లెళ్ల జడలు నెల రోజులకు సరిపోయేవి, ఇక్కడ కూడా వేసే ఆడోళ్లున్నారు, ఎవర్నైనా పిలుద్దాం అని. హుస్సేనమ్మకు ఎక్కడ లేని పౌరుషం వచ్చింది. నా పిల్లల తల ఇంకెవరో దువ్వేదేంది, నాకు చేతులు పడిపోయినాయా అంది. ఆయన తాళంచెవులు తీసుకుని పోయాడు. ఆ రోజు ఆయన మాట వినుంటే ఆ పిల్లకు ఎన్ని ఏడుపులు తప్పేవో, ఇప్పుడు లెక్క వేసుకుంటే ఏం లాభం.

బఖీతా చేయి ఆగింది. నడినెత్తి దగ్గర జుట్టును రెండు వేళ్లతో విడదీసి చూసి, ఇటు తిరిగి అరబ్బీలో అడిగింది. "ఇక్కడ పొట్టిగా ఉంది. మొదళ్లు కూడా పలచబడ్డాయి. ఎవరైనా గీసేశారా?"

"చిన్నప్పుడు," అంది హుస్సేనమ్మ. "మా వైపు అలవాటు."

అలవాటని ఎంత సులువుగా అనేసింది. పుట్టెంట్రుకలు తీయించడం అలవాటే, అందరూ తీయిస్తారు. ఈమె మూడుసార్లు తీయించింది. అస్మాకు మూడేళ్లప్పుడు ఊరికి పోయింది, పెళ్లయ్యాక ఊరికి పోయింది ఆ ఒక్కసారే. వీధిలో ఆడోళ్లంతా పిల్లను చూడటానికొచ్చారు. వచ్చిన ప్రతి ఒక్కరూ ముందు తల మీద చేయి పెట్టి చూశారు, స్పాంజిని నొక్కి చూసినట్టు. ఒకామె నవ్వింది, ఒకామె చేయి తీసుకెళ్లి కొంగుకు తుడుచుకుంది. తమ్ముడి పెళ్లాం పోనీలే వదినా, గుండు గీయిస్తే ఈసారి సాపుగా వస్తాదిలే అంది. అందరూ అదే అన్నారు, ఫలానావాళ్ల పిల్లకు అట్లాగే వచ్చిందని సాక్ష్యాలు కూడా చెప్పారు. నమ్మింది. నమ్మాలని ఉండింది కాబట్టి నమ్మింది. తమ్ముడు ఇమామ్ హుస్సేన్ పిల్లను భుజాన వేసుకుని మంగలి దగ్గరికి తీసుకుపోయాడు. గుండుతో వచ్చిన కూతుర్ని చూసి ఎయిర్‌పోర్టులో ఇద్రీస్ పెద్దగా నవ్వి, ఆ గుండు మీద ముద్దు పెట్టుకున్నాడు. మళ్లీ మొలిచింది, మళ్లీ ఉంగరాలే. రెండోసారి షార్జాలోనే గీయించింది. మూడోసారి అస్మాకు ఆరేళ్లు, సిగ్గు తెలిసిన వయసు, గుండు మీద గుడ్డ కట్టుకుని మంచం కిందికి దూరి బయటికి రాలేదు. ఆ రాత్రి ఇద్రీస్ భోంచేయలేదు. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, కోపంగా కూడా కాదు, అలిసిపోయినట్టు అన్నాడు. "అది నా జుట్టు. మా అమ్మ జుట్టు. నువ్వు గీసేస్తున్నది ఎవర్ని?" ఇంక గీయించలేదు, ఫైజా తల జోలికి పోలేదు, అంతే. క్షమించమని అడగవలసింది. రేపు అడుగుదాం, ఎల్లుండి అడుగుదాం అనుకుంటూ ఉండగానే ఆయన పోయాడు.

జూన్ నెల, జెబెల్ అలీ పోర్టు గేటు బయట ట్రైలర్ల లైను, ఆయన బండి నిలబెట్టి స్టీరింగు మీద తల వాల్చాడు. లోపల ఏసీ నడుస్తోంది, లైను ముందుకు కదిలినా ఆయన బండి కదల్లేదని వెనక డ్రైవరు హారన్ కొట్టాడు, చాలాసేపు కొట్టాడు. ఆ హారన్ హుస్సేనమ్మ వినలేదు, ఎవరో చెప్పారు, అయినా ఇప్పుడు వీధిలో ఏ బండి మోగినా అదే అనిపిస్తుంది. తర్వాత నాలుగు నెలల పది రోజులు, మొగుడు పోయినవాళ్లు పాటించే ఇద్దత్‌లో, గదిలోనే ఉంది, గడప దాటలేదు, తన తలకు నూనె పెట్టుకోలేదు, కిటికీలో నుంచి ఎదుటి గోడ మీద ఎండ జరగడం చూసింది. ఇద్దత్ ముగిశాక బయటికొచ్చింది ఇవాళే. ఆ గదిలో ఉండగానే అన్నీ నిర్ణయమైపోయాయి. మొగుడి వీసా మీద ఉన్నవాళ్లకు మొగుడు లేకపోతే వీసా లేదు, కంపెనీ మేనేజరు మర్యాదగానే చెప్పించాడు, ఈ నెలాఖరుతో ఖలాస్. పిల్లల పాస్‌పోర్టులు తండ్రి దేశానివి. వాళ్ల నాయనమ్మ ఫోన్లో ఏడ్చింది, కొడుకు ఎట్లాగూ పోయాడు, కొడుకు పిల్లలనైనా నాకివ్వు అంది. తర్వాత తమ్ముడు ఫోన్ చేశాడు.

"నువ్వు రాక్కా. ఈడ నీ ఇల్లు నీకుండాది. పిల్లోళ్లను వాళ్లోళ్లు అడుగుతాండారు గదా, ఇచ్చెయ్. ఈడికి తెచ్చి వాళ్లను ఏం సుఖపెడతావు? పొయినసారి చూస్తివి గదా వీదిలోవాళ్లు ఎట్ల నవ్విరో."

చెడ్డవాడు కాదు ఇమామ్ హుస్సేన్. చిన్నప్పుడు తన వాటా బెల్లం కూడా అక్కకే పెట్టేవాడు. వాడు తిట్టి ఉంటే తను ఎదురు తిరిగేదేమో, వాడు మెత్తగా చెప్పాడు. వాడు స్పీకర్లో చెప్పినదంతా విని, చార్జరు తీగె వేలికి చుట్టుకుంటూ, సరేలే అంది. ఒక్క మాట. అంతకుమించి ఒక్క మాట కూడా అనలేదు. దబాయించలేదు, బతిమాలలేదు, నా పిల్లలురా అనలేదు. గదిలో ఒక మూల పిల్లలిద్దరూ బొమ్మలేసుకుంటున్నారు, ఫైజా ఏదో పాడుతోంది, అస్మా ఏమీ పాడటం లేదు. సరేలే అన్న తర్వాత ఆ మాటకు కారణాలు వెతుక్కుంది, పొయ్యిలోకి పుల్లలు ఏరుకున్నట్టు రోజుకొకటి. అక్కడైతే వీళ్ల రంగు చూసి ఎవరూ ఆగరు. అక్కడైతే వాళ్ల భాషలో బడి. అక్కడ తాత పొలముంది. అన్నిటికంటే పెద్ద కారణం, చేత్తో పట్టుకుని చూపించగల కారణం ఈ జుట్టే. ఆ నాయనమ్మకు ఈ జుట్టు తెలుసు. తనకు తెలియదు. ఎనిమిదేళ్లు లాగి, తెంపి, గీయించి, ఏడిపించి, చివరికి తనకు చేతకాదని తేలిపోయింది. తల దువ్వడం కూడా చేతకాని తల్లి దగ్గర కంటే, చేతనైన వాళ్ల దగ్గర ఉంటేనే పిల్లలకు సుఖం. ఈ మాట మనసులో ఎన్నిసార్లు అనుకుందో, అనుకున్న ప్రతిసారీ కాస్త నిద్ర పట్టేది.

"అయిపోయింది, లే బంగారూ," అంది బఖీతా.

అస్మా కుర్చీ దిగి అద్దంలో చూసుకుంది. హుస్సేనమ్మ కూడా చూసింది, చూసి కుర్చీ అంచు పట్టుకుంది. ఇన్నాళ్లూ నూనె కారుతూ, రెండు పిలకలుగా చెవుల దాకా ఉబ్బి ఉండే జుట్టు కింద దాక్కున్న నుదురు ఇప్పుడు బయటపడింది. ఎత్తయిన నుదురు, కణతల దగ్గర కాస్త లోపలికి నొక్కినట్టు. ఇద్రీస్ నుదురు. అచ్చం ఆయనే అద్దంలో నుంచి తలతిప్పి చూస్తున్నాడు. పిల్ల తండ్రి పోలికని ఎనిమిదేళ్లుగా అందరూ అంటూనే ఉన్నారు, ఆమెకు మాత్రం ఇవాళే కనిపించింది. ఏడుపొచ్చింది. దగ్గు వచ్చినట్టు చేసి, తలకు చుట్టుకున్న షేలా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అస్మా అద్దంలోనే తల్లిని చూసింది. ఏమైందని అడగలేదు. ఆ పిల్ల ఈ మధ్య ఏదీ అడగడం లేదు.

ఫైజా మాత్రం కుర్చీ ఎక్కగానే మొదలుపెట్టింది. అయిదేళ్ల ముండకు నోరు ఊరుకోదు. నీ పేరేంది, నీకు పిల్లలున్నారా, నీ దువ్వెనకు తోకెందుకు, అక్కకు ఎన్ని జడలేశావు, నాకు ఒకటి ఎక్కువెయ్యి. బఖీతా అన్నిటికీ జవాబు చెబుతూనే పాపిళ్లు తీస్తోంది. ఫైజా జుట్టు ఎవరూ గీయించని జుట్టు, వత్తుగా, మెత్తగా, వేళ్లకు తానే చుట్టుకుంటోంది. ఎన్ని రోజులుంటాయి ఇవి అని అడిగింది ఫైజా.

"రాత్రిపూట గుడ్డ కట్టుకుని పడుకుంటే నెల రోజులు. తర్వాత వదులైపోతాయి, విప్పి మళ్లీ వేసుకోవాలి."

"నెలకైతే మా అమ్మ వచ్చేస్తుంది," అంది ఫైజా. "మేము ముందు పోతున్నాం, అమ్మ తర్వాత."

బఖీతా అద్దంలో హుస్సేనమ్మ వైపు చూసింది. ఆమెకేం తెలియదు, మామూలుగానే చూసింది, వచ్చే మనిషిని చూసినట్టు. హుస్సేనమ్మ తలవంచుకుని అస్మా చేతిని తన చేతిలోకి తీసుకుంది. ఇప్పుడు చెప్పొచ్చు. ఫైజాకు వద్దు, దానికి అర్థం కాదు, అస్మాకు చెవిలో చెప్పొచ్చు. చెబితే ఏమవుతుంది, ఏడుస్తుంది, కారెక్కనంటుంది, హలీమా కోప్పడుతుంది. చెప్పకపోతే నెల గడుస్తుంది, ఆ పిల్ల వాకిట్లో కూర్చుంటుంది, రెండో నెల కూడా కూర్చుంటుంది, మూడో నెల అమ్మ అబద్ధాలకోరని తానే తెలుసుకుంటుంది. అప్పుడు ఓదార్చడానికి తను పక్కన ఉండదు. ఏడ్చేదేదో తను పక్కనుండగానే ఏడవడం మేలు కదా. పైన ఫ్యాన్ తిరుగుతోంది. కింద వీధిలో ఎవరో యల్లా యల్లా అని కేకలేస్తూ సామాను దింపిస్తున్నారు.

ఎడమ చెవి పక్కన ఒక్క సాలు మిగిలింది. బఖీతా నడుము మీద చేయి పెట్టుకుని నిటారుగా నిలబడి, "నువ్వు రా," అంది. "ఈ చివరిది నువ్వు వెయ్యి. నెల తర్వాత నువ్వే కదా వేయాల్సింది."

వద్దంటే ఫైజాకు అనుమానం వస్తుందని లేచింది. నాకు రాదంది. చేతులున్నాయి కదా, ఎందుకు రాదు అంది బఖీతా. పక్కన నిలబడి, వేలు పెట్టి చూపించింది. ఇక్కడ మూడు పాయలు చెయ్యి, కింది నుంచి తిప్పు, ఇప్పుడు ఇక్కడి నుంచి కొంచెం అందుకో, ఎక్కువొద్దు, గోరంత. మొదటిసారి వదులైపోయింది, విప్పేసింది. రెండోసారి సగం దాకా బాగా వచ్చి పక్కకు జారింది. మూడోసారి వేళ్లకు దారి తెలిసింది. జుట్టు లాగితేనే ఎదురు తిరుగుతుంది, అందుకుంటే వస్తుంది. ఫైజా అరవలేదు, తల కూడా కదపలేదు, అమ్మ వేస్తోందని కూడా మర్చిపోయి కాళ్లూపుతూ కూర్చుంది. అస్మా పక్కకొచ్చి నిలబడి, రెప్ప వేయకుండా తల్లి వేళ్లనే చూస్తోంది. చెవి వెనక దాకా వచ్చాక హుస్సేనమ్మ చివర ముడి వేసి, చేయి తీసి చూసింది. బఖీతా వేసిన వాటిలో కలిసిపోయింది.

అన్నం ఉడికేంత సేపు కూడా పట్టలేదు. ఇంతేనా. ఎనిమిదేళ్లు తనకు చేతకాదనుకున్నది, చేతకాదని చెప్పుకుని పిల్లల్ని ఇచ్చేయడానికి ఒప్పుకున్నది, ఇంతేనా. మొగుడు చెప్పిన రోజు ఒక్క ఆడమనిషిని పిలిచి, పక్కన కూర్చుని చూసి ఉంటే ఆ సాయంత్రానికే వచ్చేసేది. ఆ పెద్ద కారణం పోయింది. అది పోతే మిగతావీ ఒక్కొక్కటే జారాయి. బడి రాయచోటిలో కూడా ఉంది. రంగు చూసి నవ్వే వాళ్లు నాలుగు రోజులు నవ్వి మానుకుంటారు, నవ్వితే తలుపేసుకోవచ్చు, కూలికి పోయి గంజి తాగి బతకొచ్చు, పెళ్లికి ముందు పదేళ్లు అరబ్బుల ఇళ్లలో గిన్నెలు తోమిన మనిషికి కూలి ఒక లెక్కా. అన్నీ పోయాక అడుగున మిగిలింది తమ్ముడితో అన్న ఆ సరేలే ఒక్కటే. దానికి ఏ కారణమూ లేదు. భయపడింది, అంతే. నలుగురిలో నవ్వులపాలవుతానని భయపడి, కన్న పిల్లల్ని వదిలేసింది. ఇప్పుడు తెలిసి ఏం చేయాలి. పాస్‌పోర్టులు హలీమా బ్యాగులో ఉన్నాయి, టికెట్లు తెగాయి, పిల్లల్ని అప్పగించే కాగితాల మీద తన వేలిముద్ర పడింది. కింద కారు కూడా వచ్చేసి ఉంటుంది.

అసర్ బాంగు మొదలైంది. దాని మధ్యలోనే కింద హారన్ రెండుసార్లు మోగింది. ఫైజా కుర్చీ మీది నుంచి దూకి, చెప్పుల కోసం తలుపు దగ్గరికి పరుగెత్తింది. హుస్సేనమ్మ అస్మా భుజాలు పట్టుకుని తన వైపు తిప్పుకుని, మోకాళ్ల మీద కూర్చుంది. ఇక వాయిదా వేయడానికి ఏ పనీ మిగల్లేదు.

"అస్మా. నేను నీకొక మాట చెప్పల్ల."

"నాకు తెలుసుమా," అంది అస్మా.

"ఏం తెలుసు?"

"నువ్వు రావు. మామతో సరేలే అంటివి గదా, ఫోన్లో. నేను ఆడనే ఉంటి."

ఏడుపు లేదు ఆ గొంతులో. నింద కూడా లేదు. ఇన్ని రోజులు ఆ పిల్ల ఏదీ ఎందుకు అడగలేదో హుస్సేనమ్మకు అప్పుడు తెలిసింది. దగ్గరికి లాక్కోబోయింది. అస్మా లాక్కోనిచ్చింది గానీ, తన తల తల్లి గుండెకు తగలకుండా కాస్త పక్కకు పెట్టింది, కొత్త జడలు చెదరకుండా.

"ఫైజాకు చెప్పొద్దుమా. కార్లో ఏడుస్తాది. దానికి నేను చెప్తాలే, జడలు వదులైనప్పుడు." చెల్లెలి జడల వైపు చూసి, "వేసేది చూసినా. నేనే వేస్తా దానికి," అంది.

హుస్సేనమ్మ నోరు తెరిచింది. ఇన్ని రోజులుగా కూడదీసుకున్న మాటల్లో ఒక్కటీ పనికిరాలేదు. క్షమించమనైనా అడగాలనుకుంది, దాని తండ్రిని అడగలేకపోయింది, కనీసం కూతుర్నైనా. ఈలోపు ఫైజా ఒక చెప్పు తొడుక్కుని, రెండోది చేత్తో పట్టుకుని కుంటుతూ వచ్చింది.

"అమ్మా, నువ్వు ఎన్ని రోజులకొస్తావు అంటివి? మళ్లీ చెప్పు."

అస్మా వంగి చెల్లెలి రెండో చెప్పు తొడిగింది, పట్టీ బిగించింది.

"నెలకు," అంది. "పద."